కాలేజీకి మేనేజ్డ్ స్విచ్ వచ్చింది, వెబ్ పేజీ తెరుచుకోవట్లేదు (తర్వాత వీల్యాన్ గొడవ కూడా ఇక్కడే)

రేపల్లె_ల్యాబ్ · సోమవారం ఉదయం 10:20

అందరికీ నమస్కారం. ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, నెట్‌వర్క్ కూడా నా నెత్తిమీదే. ఇన్నాళ్లూ అన్నీ మామూలు స్విచ్‌లే, కేబుల్ గుచ్చితే చాలు పనిచేసేవి. ఇప్పుడు సీసీ కెమెరాలు పెడుతున్నాం కదా అని మేనేజ్‌మెంట్ వాళ్లు 28 పోర్టుల డీ-లింక్ డీజీఎస్-1210 పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే) స్విచ్ కొన్నారు. పెట్టెలో వచ్చిన కాగితం మీద 10.90.90.90 అని అడ్రస్ ఉంది. ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి బ్రౌజర్‌లో అది కొడితే పేజీ రావట్లేదు. లైట్లు మాత్రం పచ్చగా వెలుగుతున్నాయి.

అసలు పని ఇది. పోర్ట్ 1 నుంచి 10 దాకా కెమెరాలు, 11లో ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టె), 12 నుంచి 16 ఆఫీసు (ట్యాలీ సిస్టమ్, ప్రింటర్, ప్రిన్సిపాల్ గారి పీసీ), 20 నుంచి ల్యాబ్‌లో ఉన్న పాత 24 పోర్టుల మామూలు స్విచ్‌కి, 24 నుంచి మైక్రోటిక్ హెక్స్ రూటర్‌కి. ల్యాబ్ పిల్లలకి కెమెరాలూ ఆఫీసూ కనబడకూడదు. దానికి వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌ని వేరు వేరు నెట్‌వర్క్ గుంపులుగా విడగొట్టే పద్ధతి) వేయాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

కేబుల్_కొండలు · సోమవారం ఉదయం 10:41

లైట్ వెలిగిందంటే కేబుల్ బాగానే ఉన్నట్టు. ఆ స్విచ్ నీ ల్యాప్‌టాప్‌కి ఐపీ ఇవ్వదు తమ్ముడూ, నువ్వే చేత్తో పెట్టుకోవాలి. ఈథర్నెట్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఐపీ 10.90.90.91, మాస్క్ 255.0.0.0 ఇవ్వు. గేట్‌వే, డీఎన్ఎస్ ఖాళీగా వదిలేయ్. వైఫై ఆపేయ్. మీ కాలేజీ వైఫై కూడా 10తో మొదలయ్యే అడ్రస్ ఇస్తుంటే ల్యాప్‌టాప్ ఎటు వెళ్లాలో తెలియక తికమకపడుతుంది.

అడ్రస్ ముందు హెచ్‌టీటీపీ అని పూర్తిగా కొట్టు. కొత్త బ్రౌజర్లు తమంతట తామే ఎస్ తగిలించి హెచ్‌టీటీపీఎస్‌కి పోతుంటాయి. పాస్‌వర్డ్ అడ్మిన్.

నల్గొండ_నవీన్ · సోమవారం ఉదయం 11:05

కంపెనీకో అడ్రస్ పెట్టి చంపుతారు వీళ్లు. టీపీ-లింక్ అయితే 192.168.0.1, సిస్కో చిన్న స్విచ్‌లు 192.168.1.254, నెట్‌గేర్ 192.168.0.239, మైక్రోటిక్ 192.168.88.1. ఒకే కంపెనీవి రెండు కొత్త స్విచ్‌లు ఒకేసారి కలిపావనుకో, రెండింటికీ ఒకటే అడ్రస్, ఏది తెరుచుకుందో దేవుడికే తెలియాలి. ఒక్కొక్కటిగా పెట్టుకో.

రేపల్లె_ల్యాబ్ · సోమవారం ఉదయం 11:32

తెరుచుకుంది! థాంక్స్ కొండలు అన్నా. పాస్‌వర్డ్ మార్చాను. స్విచ్ ఐపీని మా నెట్‌వర్క్‌లోకి తెద్దామని 192.168.1.2 ఇచ్చి అప్లై నొక్కితే పేజీ అలాగే తిరుగుతూ ఉండిపోయింది. పాడైందా?

సుజాత_ఎన్‌ఓసీ · సోమవారం ఉదయం 11:40

ఏమీ పాడవలేదండీ. అడ్రస్ మారిపోయింది, మీ బ్రౌజర్ ఇంకా పాత ఇంటి తలుపే కొడుతోంది. ల్యాప్‌టాప్‌ని ఇప్పుడు 192.168.1.50, మాస్క్ 255.255.255.0కి మార్చుకుని 192.168.1.2 తెరవండి. వచ్చాక పైన సేవ్ మెనూలో సేవ్ కాన్ఫిగరేషన్ నొక్కండి. అప్లై అంటే ఇప్పుడు నడుస్తున్న సెట్టింగ్ మారడం వరకే. సేవ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చేసరికి మళ్లీ 10.90.90.90కి వెళ్లిపోతుంది.

నల్గొండ_నవీన్ · సోమవారం మధ్యాహ్నం 12:15

ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఈ వీల్యాన్ గోల ఎందుకు? కెమెరాలకి వేరే పీఓఈ స్విచ్ ఒకటి పెట్టేసి, ఎన్‌వీఆర్ కూడా దానికే తగిలిస్తే అయిపోయేది కదా. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు. నేను నెట్ సెంటర్ నడుపుతున్నా, ఈ రోజు వరకు వీల్యాన్ అవసరం పడలేదు.

కేబుల్_కొండలు · సోమవారం మధ్యాహ్నం 12:31

నువ్వు చెప్పింది నాలుగు కెమెరాల షాపుకి కరెక్టే, నేనూ అలాగే వేస్తా. ఇక్కడ ప్రిన్సిపాల్ గారు తన పీసీలో కెమెరాలు చూడాలంటారు, ఫోన్‌లోనూ చూడాలంటారు. అప్పుడు ఆ కెమెరా స్విచ్ నుంచి ఆఫీసు స్విచ్‌కి ఒక వైరు లాగుతారు. ఆ వైరు పడిన రోజే వేరు వేరు అనేది పోయింది. ల్యాబ్‌లో కూర్చున్న పిల్లాడు ఉచితంగా దొరికే స్కానర్ ఒకటి వేసి చూస్తే కెమెరా లాగిన్ పేజీ ఎదురుగా ఉంటుంది. కెమెరా పాస్‌వర్డ్ ఎంతమంది మారుస్తారో నాకు బాగా తెలుసు, కెమెరాలు బిగించే పని చేసేది నేనే కాబట్టి.

సుజాత_ఎన్‌ఓసీ · సోమవారం మధ్యాహ్నం 12:50

స్విచ్ కొనేశారు కూడా. ఇక వాడుకోవడమే మేలు.

రేపల్లె_ల్యాబ్ గారూ, వెబ్ పేజీలో చెయ్యి పెట్టే ముందు కాగితం మీద పోర్టుల గీత గీసుకోండి. ఆఫీసుకి వీల్యాన్ 10, ల్యాబ్‌కి 20, కెమెరాలకి 30 అనుకుందాం. అంకె 1 నుంచి 4094 లోపు ఏదైనా పరవాలేదు. ఎన్‌వీఆర్ కెమెరాలతోనే 30లో ఉండాలి. దాన్ని ఆఫీసులో పెడితే కెమెరాల వీడియో మొత్తం రోజంతా రూటర్ గుండా పోతుంది, ఆ చిన్న హెక్స్‌కి అనవసరమైన మోత.

వెబ్ పేజీలో రెండు చోట్ల పని ఉంటుంది. జనం తికమకపడేది ఇక్కడే. మొదటిది 802.1క్యూ వీల్యాన్ పేజీ. ఏ వీల్యాన్‌లో ఏ పోర్టు సభ్యుడు, ఆ పోర్టు నుంచి ఫ్రేమ్ (డేటా ముక్క) బయటికి వెళ్లేటప్పుడు చీటీ ఉంచాలా తీసేయాలా అన్నది అక్కడ చెబుతాం. ఆ చీటీ అంటే వీల్యాన్ అంకె ఉండే 4 బైట్ల ట్యాగ్. కెమెరా, పీసీ లాంటివాటికి ఆ ట్యాగ్ అర్థం కాదు కాబట్టి వాటికి అన్‌ట్యాగ్డ్. రూటర్‌కి ఏది ఏ గుంపుదో తెలియాలి కాబట్టి పోర్ట్ 24 మూడింట్లోనూ ట్యాగ్డ్.

రెండోది పీవీఐడీ పేజీ. చీటీ లేకుండా పోర్టులోకి వచ్చిన ఫ్రేమ్‌ని ఏ వీల్యాన్‌లో వేయాలో అక్కడ చెబుతాం. మొదటి పేజీలో అన్‌ట్యాగ్డ్ అంటే బయటికి వెళ్లే దారి, పీవీఐడీ అంటే లోపలికి వచ్చే దారి. రెండూ ఒకే అంకె ఉండాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే సగం పనిచేస్తుంది, అదే పెద్ద తలనొప్పి.

ఇంకొకటి. డీ-లింక్‌లో ఒక పోర్టుని 30లో అన్‌ట్యాగ్డ్ చేయబోతే ఒప్పుకోదు, అది ఇంకా వీల్యాన్ 1లో అన్‌ట్యాగ్డ్‌గా ఉంటుంది కాబట్టి. ముందు 1లోకి వెళ్లి నాట్ మెంబర్ చేయండి, తర్వాత 30లో పెట్టండి.

దోహా_వలి · సోమవారం మధ్యాహ్నం 1:22

సుజాత గారు అంతా చెప్పారు, నేను ఒక్కటే కలుపుతా. మీ ల్యాప్‌టాప్ ఏ పోర్టులో ఉందో ఆ పోర్టుని ముట్టుకోవద్దు. పోర్ట్ 23ని వీల్యాన్ 1లోనే అన్‌ట్యాగ్డ్‌గా వదిలేయండి, దాని మీద ఎర్ర టేప్ అంటించండి. స్విచ్ అడ్రస్ వీల్యాన్ 1లోనే ఉంది, అందులోంచి అన్ని పోర్టులూ తీసేస్తే తాళం లోపలే పెట్టి తలుపు వేసుకున్నట్టే. అలా చేసి సేవ్ కూడా నొక్కేస్తే ఇక రీసెట్ బటన్ తప్ప దిక్కు లేదు, చేసిన పనంతా పోతుంది.

అందుకే నేను సేవ్ వెంటనే నొక్కను. బయట పడిపోతే స్విచ్ కరెంటు తీసి పెడితే చాలు, పాత సెట్టింగ్‌తో లేస్తుంది. సేవ్ చేయకపోవడమే మనకి రక్ష.

కేబుల్_కొండలు · సోమవారం మధ్యాహ్నం 1:35

వలి భాయ్, దోహాలో కరెంటు పోదు కాబట్టి ఆ మాట అంటున్నావ్. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు పని చేశాక టక్కుమని పోతే ఎవడు చేస్తాడు మళ్లీ? నేను అప్లై నొక్కడం, సేవ్ నొక్కడం, రెండూ ఒకే చేత్తో.

సుజాత_ఎన్‌ఓసీ · సోమవారం మధ్యాహ్నం 1:48

ఇద్దరూ తగ్గండి. ఒక వీల్యాన్ పెట్టడం, పింగ్ కొట్టి (అవతలి అడ్రస్ పలుకుతోందా అని) చూడటం, పేజీ ఇంకా తెరుచుకుంటోందని చూసుకోవడం, అప్పుడు సేవ్. తర్వాత రెండో వీల్యాన్. అసలు మొదలుపెట్టే ముందే టూల్స్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఫైల్ ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి. యూపీఎస్ ఉంటే ఈ గొడవే లేదు.

పాత_మోడెం · సోమవారం సాయంత్రం 6:10

మా రోజుల్లో కన్సోల్ కేబుల్ పెట్టి నాలుగు కమాండ్లు కొడితే అయిపోయేది. ఈ వెబ్ పేజీల్లో ఒక మెనూ ఈ ఫర్మ్‌వేర్‌లో (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) ఒకచోట, వచ్చే ఫర్మ్‌వేర్‌లో ఇంకోచోట. నేర్చుకునేవాళ్లు కమాండ్ లైనే నేర్చుకోవాలి.

నల్గొండ_నవీన్ · సోమవారం సాయంత్రం 6:22

సార్, ఆయన కాలేజీకి రేపు ఉదయానికి కెమెరాలు రావాలి, సర్టిఫికేషన్ పరీక్ష కాదు.

రేపల్లె_ల్యాబ్ · మంగళవారం ఉదయం 9:55

రాత్రి కూర్చుని అంతా పెట్టాను. రూటర్‌లో ఈథర్2 మీద 10, 20, 30 వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు వేసి, ఒక్కోదానికి డీహెచ్‌సీపీ (అడిగినవాటికి ఐపీ ఇచ్చేది) కూడా ఇచ్చాను (192.168.10, 20, 30 రేంజ్‌లు). ఇప్పుడు పరిస్థితి:

ఆఫీసు, ల్యాబ్ రెండింటికీ ఐపీ వస్తోంది, కానీ వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదు. బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ అడ్రస్ 8.8.8.8కి పింగ్ మాత్రం వెళుతోంది. కెమెరాలకి అసలు ఐపీయే రావట్లేదు, ఎన్‌వీఆర్ తెర మీద పది నల్ల గళ్లు. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. టెన్షన్‌గా ఉంది.

సుజాత_ఎన్‌ఓసీ · మంగళవారం ఉదయం 10:08

ఇవి రెండు వేరు వేరు జబ్బులు. ఒక్కొక్కటిగా చూద్దాం. కెమెరాల సంగతికి స్విచ్‌లో మ్యాక్ అడ్రస్ టేబుల్ తెరవండి (ఏ పరికరం ఏ పోర్టులో, ఏ వీల్యాన్‌లో ఉందో చూపే పట్టిక, డైనమిక్ ఫార్వార్డింగ్ టేబుల్ అని ఉంటుంది). పోర్ట్ 3 వరుసలో వీల్యాన్ ఐడీ దగ్గర ఎంత ఉందో చెప్పండి.

రేపల్లె_ల్యాబ్ · మంగళవారం ఉదయం 10:16

పోర్ట్ 3కి వీల్యాన్ 1 అని చూపిస్తోంది. 1 నుంచి 11 దాకా అన్నీ 1. కానీ వీల్యాన్ పేజీలో 30కి అన్‌ట్యాగ్డ్‌గానే ఉన్నాయి, ఇప్పుడే మళ్లీ చూశాను. పోర్ట్ 12కి 10, పోర్ట్ 20కి 20 సరిగ్గానే ఉన్నాయి.

సుజాత_ఎన్‌ఓసీ · మంగళవారం ఉదయం 10:21

పీవీఐడీ పేజీలో ఆ పదకొండు పోర్టులు 1 దగ్గరే మిగిలిపోయాయండీ. కెమెరా ఐపీ కోసం అడిగిన మాట వీల్యాన్ 1లో పడుతోంది. డీహెచ్‌సీపీ ఉన్నది 30లో. ఆ కేక రూటర్ చెవిన సరైన చోట పడట్లేదు. ఎన్‌వీఆర్‌ది కూడా అదే కథ కాబట్టి అది పక్కనే ఉన్న కెమెరాలను కూడా చూడలేదు. ఆ పేజీలో పోర్టుల వరుసకి అంకె మార్చాక అప్లై నొక్కకుండా వేరే మెనూలోకి వెళ్తే మార్చింది పోతుంది, హెచ్చరిక కూడా రాదు. 1 నుంచి 11కి 30 ఇచ్చి అప్లై చేసి, పేజీ రిఫ్రెష్ చేసి అంకె నిలిచిందో లేదో చూడండి. కెమెరాలని ఒకసారి ఆపి మళ్లీ వేయండి, లేకపోతే మళ్లీ ఐపీ అడగడానికి కాసేపు పడుతుంది.

దోహా_వలి · మంగళవారం ఉదయం 10:30

రెండో జబ్బు సంగతి నేను చెబుతా. స్విచ్ తప్పు కాదు, రూటర్‌ది. మైక్రోటిక్‌తో వచ్చే ఫైర్‌వాల్‌లో ఇన్‌పుట్ చెయిన్ చివర ఒక రూల్ ఉంటుంది: ల్యాన్ లిస్ట్‌లో లేని ఇంటర్‌ఫేస్ నుంచి రూటర్‌కే వచ్చేదాన్ని పారేయ్ అని. మీ కొత్త వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు ఆ లిస్ట్‌లో లేవు. డీహెచ్‌సీపీ ఆ ఫైర్‌వాల్‌కి దొరకదు కాబట్టి ఐపీ వచ్చేస్తుంది. రూటర్ గుండా బయటికి పోయేది ఆ రూల్ కిందికి రాదు కాబట్టి 8.8.8.8 పలుకుతుంది. డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పేది) మాత్రం రూటర్‌నే అడగాలి, అక్కడ ఆగిపోతుంది. ఇంటర్‌ఫేస్ లిస్ట్‌లో ఆఫీసు, ల్యాబ్ వీల్యాన్‌లని ల్యాన్‌లో కలపండి. నెట్ ఉంది కానీ సైట్లు రావు అంటే నేను మొదట ఇదే చూస్తా.

రేపల్లె_ల్యాబ్ · మంగళవారం ఉదయం 11:02

రెండూ సరిగ్గా అవే! సైట్లు వస్తున్నాయి. కెమెరాలు ఆపి వేయడానికి నిచ్చెన వెతుకుతుంటే స్విచ్‌లోనే పీఓఈ పేజీ కనబడింది. అక్కడ పోర్టుకి పవర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కెమెరా కూర్చున్న చోటే రీస్టార్ట్ అయింది. ఒక్కో పోర్టు ఎన్ని వాట్లు తింటోందో కూడా చూపిస్తోంది. పదీ వచ్చాయి.

ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి పీసీ నుంచి ఎన్‌వీఆర్ కనబడాలి, ల్యాబ్ నుంచి కనబడకూడదు. ప్రస్తుతం ల్యాబ్ నుంచి కూడా ఎన్‌వీఆర్ లాగిన్ పేజీ వస్తోంది! మరి వేరు చేసిందేముంది?

దోహా_వలి · మంగళవారం ఉదయం 11:20

స్విచ్ వేరు చేసింది. రూటర్ మళ్లీ కలిపింది. మూడు గుంపులకీ దారి తెలిసినవాడు అతనే కదా, వద్దని చెప్పేదాకా అందరినీ అటూ ఇటూ పంపుతాడు. ఫార్వర్డ్ చెయిన్‌లో (రూటర్ గుండా పోయేవాటి రూల్స్) పైన ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ (ముందే మొదలైన మాటలకి జవాబులు) అనుమతించే రూల్ ఉందో లేదో చూసుకోండి, మామూలుగా ఉంటుంది. దాని కింద వీల్యాన్ 10 నుంచి 30కి అనుమతి. దాని కింద 20 నుంచి 10కి, 20 నుంచి 30కి డ్రాప్. 30 నుంచి ఇంటర్నెట్‌కి కూడా డ్రాప్ పెట్టండి, ఎన్‌వీఆర్ ఐపీ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండి. లేకపోతే ఫోన్ యాప్‌లో రాదు, మళ్లీ ప్రిన్సిపాల్ గారు వస్తారు. రూల్స్ పైనుంచి కిందకి చదువుతాడు కాబట్టి వరుస ముఖ్యం.

స్విచ్ లాగిన్ పేజీ 192.168.1.2 కూడా ల్యాబ్ నుంచి తెరుచుకోకూడదు, ఆ డ్రాప్ కూడా వేయండి.

కేబుల్_కొండలు · మంగళవారం మధ్యాహ్నం 12:05

ల్యాబ్ పోర్టు 20 మీద లూప్‌బ్యాక్ డిటెక్షన్ ఆన్ చేసుకో తమ్ముడూ. అక్కడున్నది మామూలు స్విచ్. ఎవడో పిల్లాడు వేలాడుతున్న కేబుల్ చూసి రెండు కొసలూ దానికే గుచ్చుతాడు, సాయం చేశాననుకుంటాడు. ఆ బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్లే కేక) తిరిగి తిరిగి పోర్ట్ 20 నుంచి రూటర్ దాకా వచ్చి కూర్చుంటుంది. ఈ ఆప్షన్ ఉంటే స్విచ్ తను పంపిన ఫ్రేమ్ తనకే తిరిగి రావడం చూసి ఆ ఒక్క పోర్టు మూసేస్తుంది. ల్యాబ్ ఒక్కటే ఆగుతుంది, ఆఫీసు ఫీజులు కట్టించుకుంటూనే ఉంటుంది.

నల్గొండ_నవీన్ · మంగళవారం మధ్యాహ్నం 12:40

టాపిక్ పక్కకి పోతోందేమో కానీ, పీఓఈ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా బావ గోడౌన్‌లో ఎనిమిది కెమెరాలు, పగలంతా బాగుంటాయి, రాత్రి రెండు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటాయి. స్విచ్ మార్చినా అంతే.

కేబుల్_కొండలు · మంగళవారం మధ్యాహ్నం 12:58

రాత్రి కెమెరాలో చీకట్లో చూడటానికి ఐఆర్ లైట్లు వెలుగుతాయి, అప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. 802.3ఏఎఫ్ (మామూలు పీఓఈ ప్రమాణం) పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, కేబుల్‌లో పోగా కెమెరా దగ్గరికి 12.95 చేరితే లెక్క. పోర్టుకి అంత ఇచ్చినా, స్విచ్ మొత్తం మీద ఇవ్వగలిగింది వేరే అంకె ఉంటుంది, పెట్టె మీద పీఓఈ బడ్జెట్ అని చూడు. స్విచ్ మార్చినా తగ్గలేదంటే నా అనుమానం కేబుల్ మీద. ఆరిపోయే రెండూ దూరం కెమెరాలేనా? సీసీఏ వైరు వేసి ఉంటారు, పైకి రాగి పూత, లోపల అల్యూమినియం. ఒక కొస గీకి చూడు, లోపల తెల్లగా కనబడితే అదే. దూరం పెరిగేకొద్దీ ఓల్టేజ్ పడిపోతుంది. అసలు రాగి కేబుల్ అయినా 100 మీటర్లు దాటకూడదు.

నల్గొండ_నవీన్ · మంగళవారం సాయంత్రం 7:15

గీకి చూశాడంట. తెల్లగానే ఉంది. వేసినవాడు ఫోన్ ఎత్తట్లేదు.

పాత_మోడెం · మంగళవారం రాత్రి 8:02

రేపల్లె బాబూ, ఒక పాత స్విచ్ నా దగ్గరా ఉంది, దాని హెచ్‌టీటీపీఎస్ పేజీ కొత్త బ్రౌజర్‌లో అసలు తెరుచుకోదు. 2020లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పాత టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న రహస్య పద్ధతి) 1.0, 1.1 ఆపేశాయి, స్విచ్‌కి అంతకు మించి రాదు. నీ దానిలో హెచ్‌టీటీపీఎస్ పనిచేస్తే అదే వాడుకో. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది, అది స్విచ్ తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్ కాబట్టి, కంగారుపడకు. హెచ్‌టీటీపీలో మాత్రం పాస్‌వర్డ్ వైరు మీద పచ్చిగా పోతుంది. కమాండ్ లైన్ సంగతి మళ్లీ ఎత్తను.

రేపల్లె_ల్యాబ్ · బుధవారం ఉదయం 10:30

రూల్స్ వేశాక ల్యాబ్ నుంచి ఎన్‌వీఆర్ రావట్లేదు, ప్రిన్సిపాల్ గారి పీసీలో వస్తోంది. లూప్‌బ్యాక్ డిటెక్షన్ పెట్టి, ల్యాబ్ స్విచ్‌లో కావాలనే కేబుల్ రెండు కొసలూ గుచ్చి చూశాను. పోర్ట్ 20 ఆరిపోయింది, ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. బ్యాకప్ ఫైల్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి పెట్టాను. పోర్టుల గీత ర్యాక్ తలుపు లోపల అంటించాను.

చివరి సందేహం. కొత్త ఫర్మ్‌వేర్ కనబడుతోంది, వేయాలా?

సుజాత_ఎన్‌ఓసీ · బుధవారం ఉదయం 10:47

ఏం మారిందో రిలీజ్ నోట్స్ చదవండి. సెక్యూరిటీ సంగతి ఉంటే వేయాల్సిందే. ముందు వెనక స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ చూసుకోండి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్లు చాలా ఉంటాయి, ఒకదాని ఫైల్ ఇంకోదానికి వేయకూడదు. వేస్తున్నంతసేపూ కరెంటు పోకూడదు, కాలేజీ నడిచే వేళలో అసలు వద్దు.

రేపల్లె_ల్యాబ్ · బుధవారం ఉదయం 11:10

నోట్స్‌లో సెక్యూరిటీ గురించి ఏమీ లేదు, మెనూలు కొన్ని మార్చారంతే. స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకున్నాను. దసరా సెలవుల్లో యూపీఎస్ మీద పెట్టి వేస్తాను. ర్యాక్‌కి తాళం వేసేశాను.

కేబుల్_కొండలు · బుధవారం ఉదయం 11:14

ఆ తాళం చెవి ఇంకొకటి ఆఫీసులో ఇవ్వు.